రోగి – ఆయా – ఒప్పంద పత్రం : ఒక పరిశీలన

కాంట్రాక్టు చట్టం పాఠం చెప్పేటప్పుడు మేము సాధారణంగా బియ్యం బస్తాలు, గుర్రాలు, ఇళ్ళ అమ్మకాలు ఉదాహరణలుగా చెబుతూ ఉంటాము. 1872లో చట్టం రాసినవారు అవే ఇచ్చారు గనుక మాకూ అవే అలవాటయినాయి. గుర్రాన్ని అమ్మినవాణ్ణీ, కొన్నవాణ్ణీ నా సర్వీసులో ఒక్కసారి కూడా చూడలేదు. కాని మంచాన పడ్డ పెద్దవారిని చూసుకోవడానికి జీతానికి మనిషిని పెట్టుకున్న ఇళ్ళు మన పట్టణాల్లో ఎన్నో చూశాను. అదీ ఒక కాంట్రాక్టే. ఒక మనిషి ఒంటిని మరో మనిషి చేతుల్లో పెట్టే కాంట్రాక్టు. దానిమీద ఎలాంటి కాగితం ఉండాలన్నది క్లాసులో ఎవరమూ చెప్పం. కిందటేడు వరకు నేనూ చెప్పలేదు.

మా పెద్దమ్మకు ఎనభై రెండేళ్ళు. కిందటేడు సంక్రాంతి వెళ్ళిన వారానికి పెరట్లో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషను అయింది, ప్రాణానికి ఢోకా లేకపోయింది గాని, ఒకరి సాయం లేనిదే మంచం దిగలేని స్థితి వచ్చింది. కొడుకు అమెరికాలో, కూతురు బెంగుళూరులో ఉంటారు. అన్నయ్య వచ్చి మూడు వారాలు ఉండి, ఒక బ్యూరో ద్వారా ఆయాను కుదిర్చి తిరిగి వెళ్ళాడు. ఆమె శ్రీకాకుళం వైపు మనిషి. తొమ్మిదేళ్ళ కొడుకుని తల్లి దగ్గర వదిలి ఈ పనికి వచ్చింది. అన్నయ్య బ్యూరోకి నెలకు 26 వేలు పంపేవాడు, అందులో ఆమె చేతికి 16 వేలు వచ్చేవి. ఈ రెండో సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఏప్రిల్‌లో ఒకనాటి సాయంత్రం, కొడుక్కి జ్వరం ఎక్కువగా ఉందని ఆమెకు ఫోను వచ్చింది. నాలుగు గంటలకే బ్యూరోకి చెప్పింది. ‘సరే, ఇంకో మనిషిని పంపుతున్నాం’ అన్నారట. ఏడు గంటలకు పెద్దమ్మకు అన్నం పెట్టి, పడక సర్ది, తాళం పక్కింట్లో ఇచ్చి బస్సెక్కింది. కొత్త మనిషి రాలేదు. పక్కింటివారు ఆమె వచ్చి తాళం అడుగుతుందని పదిన్నర దాకా చూసి పడుకున్నారు. నేను స్పాట్ వాల్యుయేషన్ పని మీద ఊళ్ళో లేను. పొద్దున అంట్లు తోమే అమ్మాయి వచ్చేదాకా పెద్దమ్మ తడిసిన పక్క మీదే పడి ఉంది. మంచినీళ్ళ చెంబు చేతికి అందే దూరంలోనే ఉందట, కాని పక్కకి తిరగడానికి భయపడింది.

ఆ మర్నాడు అన్నయ్య ఫోను చేశాడు. “ఆ ఆయా మీద కేసు పెట్టాలిరా. లా చెబుతావు కదా, ఏ సెక్షనో చెప్పు” అన్నాడు.

సెక్షను ఉంది. ఉండటమే ఆశ్చర్యం.

ఒప్పందం తప్పితే నష్టపరిహారం కోసం సివిలు కోర్టుకు పోవాలే గాని జైలుశిక్ష ఉండదని మొదటి సంవత్సరం విద్యార్థికి కూడా తెలుసు. ఈ నియమానికి 1860 నాటి భారత శిక్షాస్మృతి 19వ అధ్యాయంలో మూడు మినహాయింపులు పెట్టింది. 490వ సెక్షను ప్రయాణంలో సేవకు ఒప్పుకొని మధ్యలో వదిలేసిన వారికి. పల్లకీ మోసే బోయీ సగం దారిలో పారిపోవడం అక్కడ ఇచ్చిన ఉదాహరణ. 492వ సెక్షను యజమాని ఖర్చు మీద దూర ప్రాంతానికి వెళ్ళి, అక్కడ పని మానేసిన వారికి. ఈ రెండూ దొరలకు కావలసినవే అని వేరే చెప్పనక్కరలేదు. 1925లో ఈ రెంటినీ రద్దు చేశారు. మధ్యనున్న 491 మాత్రం అలాగే ఉండిపోయింది. చిన్నతనం వల్ల గాని, మతిస్థిమితం లేక గాని, జబ్బు వల్ల గాని, శరీర దౌర్బల్యం వల్ల గాని తన క్షేమం తాను చూసుకోలేని నిస్సహాయ వ్యక్తికి పరిచర్య చేయడానికి, అవసరాలు తీర్చడానికి చట్టబద్ధమైన ఒప్పందంతో బద్ధులై ఉండి, కావాలని ఆ పని మానివేసినవారికి మూడు నెలల వరకు ఖైదు, లేదా 200 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇదే 357వ సెక్షను అయింది. ఖైదు అంతే ఉంది, జరిమానా 5,000 రూపాయలయింది. బోయీలు పోయారు, పల్లకీలు పోయాయి, ఆయా మాత్రం శిక్షాస్మృతిలో మిగిలింది.

నేను అన్నయ్యకి వెంటనే సెక్షను నంబరు చెప్పలేదు. ముందు కాగితం పంపమన్నాను.

రెండు పేజీల ఇంగ్లీషు కాగితం అది. ఒక పక్షం బ్యూరో, రెండో పక్షం అన్నయ్య. అమెరికా నుంచే సంతకం చేసి ఈమెయిల్లో పంపాడు. ‘24 గంటల డ్యూటీ’ అని ఉంది. మనిషి రాకపోతే బ్యూరో ‘వీలయినంత త్వరగా’ మరొకరిని పంపుతుందని ఉంది. అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదని మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంది. కాగితంలో ఆయా పేరు లేదు. పెద్దమ్మ పేరు ‘పేషెంట్’ అన్న గడిలో ఒకసారి ఉంది, వయస్సు తప్పు వేశారు. ఆ గదిలో రాత్రింబవళ్ళు ఉండేది ఇద్దరే ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒక్కరూ ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు, పెట్టమని ఎవరూ అడగలేదు. ఆయా ఆ కాగితాన్ని చూడనే లేదు.

ఇప్పుడు 357వ సెక్షను పెట్టి చూడండి. ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలని ఆ సెక్షను అనలేదు. బ్యూరోతో ఆమెకున్న నోటిమాట చాలు, ఆమె ‘బద్ధురాలు’ అనవచ్చు. తాను చూడని కాగితంలోని ‘24 గంటలు’ అన్న మాటను ఆమె మీదికి తేవడానికి ప్లీడరు ప్రయత్నించవచ్చు. అయితే ‘కావాలని మానివేయడం’ రుజువు కావాలి. నాలుగు గంటలకే బ్యూరోకి చెప్పి, వాళ్ళు సరేనన్న తరువాత వెళ్ళిన మనిషి కావాలని మానివేసిందనడం నా దృష్టిలో కుదరదు. ఇంకోమాట కూడా ఉంది. నేను ఊరికి తిరిగి వచ్చి అడిగితే పెద్దమ్మ నెమ్మదిగా, “దాన్ని నేనే వెళ్ళమన్నానురా. బిడ్డకి నూట మూడు జ్వరమంటే ఎలా ఉంచను?” అంది.

చట్టం దగ్గర ఈ మాటకి విలువెంత? ఇక్కడే నాకు కలత కలిగింది. ఈ నేరం రాజీ చేసుకోదగ్గది. కాని రాజీ హక్కు ఎవరికిచ్చారంటే, నేరస్థుడు ఎవరితో ఒప్పందం చేసుకున్నాడో వారికి. మన సంగతిలో ఆయా మాటిచ్చింది బ్యూరోకి. అంటే రాత్రంతా తడి పక్క మీద పడి ఉన్న మనిషికి క్షమించే హక్కు లేదు, మనిషిని పంపని బ్యూరోకి ఉంది!

ఈ సంగతి రెండో వారంలో క్లాసులో చెప్పాను, పేర్లు లేకుండా. వెనుక బెంచీ నుంచి ఒక విద్యార్థిని లేచి, “మరి ఆ పెద్దావిడ ఈ కాంట్రాక్టులో ఎవరు సార్? సరుకా?” అని అడిగింది. క్లాసు నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఒప్పందంలో పక్షం కాని వ్యక్తి దాని మీద దావా వేయలేడన్న సూత్రానికి మనం 1861 నాటి ట్వెడిల్ కేసు చెబుతాము. మన దేశంలో ప్రతిఫలం మూడో మనిషి నుంచి వచ్చినా చెల్లుతుందనడానికి 1882 నాటి మద్రాసు తీర్పు, చిన్నయ్య – రామయ్య కేసు, చెబుతాము. తల్లి కూతురికి ఆస్తి రాసిచ్చి, తన తోడబుట్టినవారికి ఏటేటా సొమ్ము ఇవ్వాలని షరతు పెట్టిన కేసు అది. ఎవరి మేలు కోసం ఒప్పందం చేసుకున్నారో ఆ వ్యక్తి పక్షం కాకపోయినా హక్కు అడగవచ్చని 1910లో ప్రీవీ కౌన్సిలు హుసేనీ బేగం కేసులో ఒప్పుకున్నది; అక్కడ మామగారు పెళ్ళికి ముందు కోడలి పేర రాసిన భత్యం వివాదం. వీటిని పట్టుకొని పెద్దమ్మ బ్యూరో మీదికి వెళ్ళవచ్చునని నేను వాదించగలను. కాని ఎనభై రెండేళ్ళ మనిషి ప్రీవీ కౌన్సిలు దాకా తిరిగి వస్తేగాని తన ఆయా గురించి మాట్లాడలేకపోవడం ఏమి న్యాయం? మొదటి రోజునే ఆమె చేత ఒక సంతకం పెట్టిస్తే ఇంత తిరగక్కరలేదు.

“అమ్మకి మతిమరుపు కదరా, ఆవిడ సంతకం చెల్లుతుందా?” అన్నాడు అన్నయ్య. పెద్దమ్మకు సాయంత్రమయ్యేసరికి కాస్త తికమక వస్తుంది, నిజమే. పొద్దున కాఫీ తాగి పేపరు చదివే వేళ నాకంటే చురుకు. కాంట్రాక్టు చట్టం 12వ సెక్షను ఈ మాటే అంటుంది. మామూలుగా మతిస్థిమితం లేని వ్యక్తి కూడా స్థిమితంగా ఉన్న వేళల్లో ఒప్పందం చేసుకోవచ్చు. పిచ్చాసుపత్రిలోని రోగిని కూడా అక్కడ ఉదాహరణగా ఇచ్చారు. కాబట్టి కాగితం పొద్దున పూట చదివి వినిపించాలి. ఇంతకంటే పెద్ద చిక్కేమీ లేదు అందులో.

ఆయా మూడో రోజున తిరిగి వచ్చింది. పిల్లవాడికి తగ్గింది. బ్యూరో ఆమెకు నాలుగు రోజుల జీతం కోస్తామంది. పెద్దమ్మ ఆమెనే కావాలంది. బ్యూరో కాగితంలో, ఆయా ఒక సంవత్సరం పాటు ఆ ఇంట్లో నేరుగా పని చేయరాదని మరో షరతు ఉంది. సర్వీసు జరుగుతుండగా మరొకరి దగ్గర చేయరాదనే షరతును 1967లో గోలికరీ కేసులో సుప్రీంకోర్టు అంగీకరించింది గాని, సర్వీసు ముగిశాక మనిషి బతుకుతెరువును ఆపే షరతు 27వ సెక్షను ముందు నిలవదు. పైగా ఆమె ఆ కాగితం మీద సంతకమే చేయలేదు. అన్నయ్య మాత్రం బ్యూరోకి ఒక నెల కమీషను కట్టి తెంచుకున్నాడు. అది కట్టవలసిన పనిలేదని నేను వాదించబోతే, “ఊరుకోరా, అమ్మకి మనిషి కావాలి” అన్నాడు.

అప్పుడు కొత్త కాగితం రాయవలసి వచ్చింది. ఏమి రాయాలి?

ముందుగా ఏమి రాయకూడదో తెలియాలి. ‘ఏడాది దాకా పని మానరాదు’ అని రాసుకుంటే దాన్ని ఏ కోర్టూ నెరవేర్చి పెట్టదు. కోర్టు నిత్యం పర్యవేక్షించలేని పనిని, మనిషి సొంత గుణాల మీద ఆధారపడిన పనిని బలవంతాన చేయించరాదని 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 14వ సెక్షను చెబుతోంది. ఆ వెనుక రాజ్యాంగం 23వ అధికరణం ఉంది. కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చి పని చేయించడం కూడా వెట్టిచాకిరీ కిందికే వస్తుందని 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అడ్వాన్సు ఇచ్చి, అది తీరేదాకా కదలరాదంటే 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం తగులుకుంటుంది. ఆధారు కార్డు అసలు ప్రతి దగ్గర పెట్టుకోవడం కొన్ని ఇళ్ళలో చూశాను. మంచివాళ్ళే, భయం కొద్దీ చేస్తారు. మా కాగితంలో అది వద్దనుకున్నాము.

ప్రేమగా చూసుకోవాలి అని కూడా రాయలేము. రాసినా దానికి కొలత ఏది? రాయగలిగింది వేళలు, విశ్రాంతి, డబ్బు, ఎవరు ఎవరికి చెప్పాలి – ఇవే. వీటిలో అన్నిటికంటే గడ్డుది రాత్రి. 24 గంటల డ్యూటీ అనే మాట రాయడం తేలిక. కాని పక్క మంచం మీద పడుకొని, పిలిస్తే లేవడానికి చెవి ఇటే వేసి ఉన్న మనిషి పని చేస్తున్నట్టా, నిద్రపోతున్నట్టా? 2011 జూన్‌లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆమోదించిన 189వ ఒడంబడిక ఇంటిపనివారికి వీలయినచోట రాతపూర్వక ఒప్పందం ఉండాలని, వారానికి కనీసం 24 గంటల వరుస విశ్రాంతి ఉండాలని, పిలుపు కోసం సిద్ధంగా ఉన్న సమయాన్ని దేశ చట్టాలు నిర్ణయించిన మేరకు పనిగంటలుగానే లెక్కించాలని అన్నది. మన దేశం దాన్ని ఇంకా ధృవీకరించలేదు. ఇంటిపనివారి కోసం చట్టం చేసే విషయం నిపుణుల కమిటీ వేసి పరిశీలించమని సుప్రీంకోర్టు 2025 జనవరి 29న కేంద్రానికి చెప్పింది.

ఇజ్రాయెల్‌లో వృద్ధుల ఇళ్ళలోనే ఉండి పరిచర్య చేసే విదేశీయులలో మన తెలంగాణ జిల్లాల వారు కూడా ఉన్నారు. అక్కడ ఈ రాత్రి ప్రశ్నే అత్యున్నత న్యాయస్థానానికి వెళ్ళింది. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఒక పరిచారిక ఓవర్‌టైము అడిగింది. పనిగంటల చట్టం ఇంట్లోనే ఉండే ఇటువంటి వారికి వర్తించదని 2009లో, మళ్ళీ విస్తృత ధర్మాసనం 2013లో మెజారిటీ తీర్పు ఇచ్చారు. గంటలు లెక్కపెట్టడం కష్టమనేది అక్కడ చూపిన కారణాల్లో ఒకటి. కష్టమే. కాని లెక్కపెట్టడం కష్టమయితే లెక్క లేదనడం ఏ తర్కమో నాకు బోధపడదు.

మేము లెక్కపెట్టాము. కాగితం తెలుగులో, ఒక పేజీ. పక్షాలు పెద్దమ్మ, ఆయా. డబ్బు పంపే బాధ్యత అన్నయ్యది గనుక అతనూ ఒక సంతకం. జీతం నెలకు 22 వేలు, ఐదో తారీకులోగా ఆమె ఖాతాలో. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా ఆమె సొంతం, ఆ వేళకు నేనో, మా ఇంటావిడో వెళ్తాము. ఆదివారం సెలవు, ఆరోజుకి మనిషిని కుదర్చవలసిన పని మాది. ఉన్నట్టుండి వెళ్ళవలసి వస్తే నాకు ఫోను చేయాలి. నేనో, నేను పంపినవారో వచ్చి ‘వచ్చాను’ అనేదాకా ఆగాలి, అది మూడు గంటలు దాటరాదు. మూడు గంటల్లో ఎవరినీ పంపలేకపోతే తప్పు నాది. ఈ వాక్యం నేనే రాశాను, రాసేటప్పుడు చెయ్యి కాస్త ఆగింది. మాత్రలు ఇవ్వవచ్చు, ఇంజెక్షన్లు చేయరాదు. మానేస్తే లెక్క రెండు రోజుల్లో తేల్చాలి.

బహుమానాల సంగతి నేను పట్టుబట్టి పెట్టించాను. పెద్దమ్మ ఒకటి రెండుసార్లు “నా గాజులు నీకే ఇచ్చేస్తాలే” అనడం నేను విన్నాను. ముసలితనం చేత, జబ్బు చేత బలహీనపడిన వ్యక్తి, తనకు వైద్యం చేసేవాడి ప్రభావానికి లోబడి అన్యాయమైన సొమ్ము ఇస్తానని ఒప్పుకోవడం 16వ సెక్షనులోనే ఉన్న ఉదాహరణ. అది వైద్యుడి గురించి రాసినదయినా ఆయాకీ అన్వయిస్తుంది. బేరం అన్యాయంగా కనబడితే, అనుచిత ప్రభావం లేదని రుజువు చేసుకోవలసింది పైచేయి ఉన్నవారే. అంటే రేపు నిజంగా ప్రేమతో గాజులిచ్చినా, దోషం ఆయా మీదికే వస్తుంది. అందుకని 1,000 రూపాయలు దాటిన ఏ వస్తువైనా అక్కయ్యకి ఫోనులో చెప్పి ఇవ్వాలని రాశాము. ఇది ఆయాకే రక్షణ అని చెబితే ఆమె “నాకు గాజులొద్దు బాబూ” అంది. వద్దన్నా రాశాము.

ఆస్తి ఇచ్చి సేవ పొందే కాగితాల్లోనూ ఇదే పాఠం ఉంది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షను ప్రకారం, చూసుకోవాలనే షరతుతో ఇచ్చిన ఆస్తిని చూసుకోకపోతే వెనక్కి తీసుకోవచ్చు. ఆ షరతు ఉన్నట్టు చూపాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు గట్టిగా అన్నది. 2025 జనవరి 2న మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో, దానపత్రంతోపాటు కొడుకు విడిగా రాసిచ్చాడన్న వాగ్దాన పత్రాన్ని లెక్కలోకి తీసుకొని, చట్టాన్ని ఉదారంగా చదివి, ఆస్తి ఆమెకు తిరిగి ఇప్పించింది. కన్నకొడుకు దగ్గరే కాగితం అక్కరకొచ్చినప్పుడు ఆయా దగ్గర కాగితం అడగడం అవమానమని ఎందుకనుకోవాలి? కాగితం అడగవలసింది ఆయా కూడా.

చదివి వినిపించడం ఉదయం ఎనిమిదింటికి జరిగింది. ఇంకేమైనా చేర్చాలా అని ఇద్దర్నీ అడిగాను. పెద్దమ్మ, “స్నానం చేయించేటప్పుడు తలుపు వేయాలి. ఇంట్లో ఎవరూ లేకపోయినా వేయాలి” అని రాయమంది. ఇన్ని నెలలూ ఆమె ఆ మాట ఎవరితోనూ అనలేదు. ఆయా చాలాసేపు ఏమీ లేదంది. చివరికి, రాత్రి ఎనిమిదింటికి పావుగంట సేపు కొడుకుతో ఫోను మాట్లాడుకుంటాను, ఆ కాసేపు పిలవకుండా ఉంటే చాలు అంది. రెండూ రాశాము. స్టాంపు కాగితం మీదే రాశాము. తగిన స్టాంపు లేని దస్తావేజును సుంకం, జరిమానా కట్టేదాకా కోర్టు సాక్ష్యంగా తీసుకోదు, స్టాంపు చట్టం 35వ సెక్షను. ఎవరి ప్రతి వారికి ఇచ్చాము. ఆమె తన ప్రతిని కొడుకు ఫోటో ఉన్న ప్లాస్టిక్ కవరులో పెట్టుకుంది.

రాత్రి సంగతి ఇలా రాశాను: “రాత్రి మూడుసార్లకు మించి లేపితే మరునాడు మధ్యాహ్నం ఒక గంట అదనపు విశ్రాంతి.” లెక్క పెద్దమ్మే పెడతానంది. తలగడ పక్కన ఒక నోటుబుక్కు, పెన్సిలు. లేపిన ప్రతిసారి ఒక గీత. నెల తిరిగేసరికి చూస్తే చాలా రోజులకు రెండే గీతలున్నాయి, ఆయా కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. అడిగితే రోజూ నాలుగైదు సార్లు లేస్తూనే ఉందట. పెద్దమ్మను నిలదీశాను.

“నేను పిలవకుండా అదే లేచి వస్తే లెక్కలోకి ఎలా వస్తుందిరా? ‘లేపితే’ అని కదా నువ్వు రాసింది” అంది.

ఇరవయ్యేళ్ళుగా పాఠం చెబుతున్నవాడికి ఆ మాట తట్టలేదు. అందరి ప్రతులలోనూ ‘లేపితే’ కొట్టివేసి ‘లేవవలసి వస్తే’ అని దిద్ది, పక్కన పొట్టి సంతకాలు పెట్టాము. అన్నయ్య పొట్టి సంతకం ఈమెయిల్లో వచ్చింది.